ఇంటి పెద్ద హాజరు

నేను పాఠం నేల మీద చెప్తాను. మొదట్లో అందరిలాగే బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెప్పేదాన్ని. పిల్లలు వాటిని శుభ్రంగా ఎక్కించుకుని, పరీక్షలో శుభ్రంగా దింపి, మార్కులు తెచ్చుకుని, రోడ్డు మీద ఎస్సై కనిపిస్తే మాత్రం బండి దిగి తోసుకుంటూ పోయేవాళ్ళు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ ఏడాది నుంచే బోర్డు వదిలి నేలకు దిగాను.

మాది ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీ. నేను చెప్పేది రాజనీతిశాస్త్రం. లా కూడా చదివాను కానీ నల్లకోటు తొడుక్కున్నది లేదు. ఉండేది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. పొద్దున్నే బస్సెక్కి ఆదోనికి వచ్చి, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి పోవడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగంలో నాకు బాగా ఇష్టమైన పాఠం ఒకటుంది. నేరం మోపబడిన మనిషి పోలీస్ స్టేషన్ నుంచి తీర్పు దాకా ఏ దారిన పోతాడు అనేది. మా వైపు అది ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చే పాఠం. నా క్లాసులో కూర్చునే పిల్లల్లో గట్టు తగాదా లేని ఇంటినుంచి వచ్చినవాళ్ళు తక్కువ.

మేడ మీద ఒక గది ఖాళీగా ఉంటుంది. బెంచీలన్నీ గోడకు జరిపి, నేల మీద చాక్‌పీసుతో గళ్ళు గీస్తాం. మొదటి గడి పోలీస్ స్టేషన్. దాని పక్కన ఆసుపత్రి, ఎందుకంటే అరెస్టయినవాణ్ణి ముందు డాక్టరుకు చూపించాలి. తర్వాత మేజిస్ట్రేటు. అక్కడ దారి చీలి ఒకటి సబ్‌జైలుకు, ఒకటి బెయిలు మీద ఇంటికి పోతుంది. రెండూ వచ్చి కలిసేది కోర్టు గడిలో. అది అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే మనిషి వయసు గడిచిపోయేది అందులోనే. వాయిదాలు, నేరం చదివి వినిపించడం, సాక్షులు, వాదనలు అన్నీ అక్కడే. చివర తీర్పు. గళ్ళు గీయమంటే ఆడపిల్లలు ఊరుకోరు, మూలమూలకూ పద్మాలు వేస్తారు. ఒకసారి సబ్‌జైలు గడికి కూడా వేశారు. తుడిచేయమన్నాను. తుడవలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

ప్రతి ఒక్కరూ ఒకసారి ముద్దాయి కావాలి. ఇది నా నియమం. గడి గడికీ ఆగి, ఇక్కడ నన్ను ఎవరు ఏమడగొచ్చు, నేను దేనికి జవాబు చెప్పకుండా ఉండొచ్చు, నేను ఏమి అడిగి తీసుకోవచ్చు అనేవి చెప్పాలి. చెప్పలేకపోతే ముందు గడికి పోనివ్వను. ఎస్సై వేషానికి ఎప్పుడూ పోటీ ఉంటుంది. ఆ ఏడు దాన్ని పరుపులు కుట్టే వాళ్ళింటి అమ్మాయి ఒకతె పట్టుకుని వదల్లేదు. బురఖా కొంగు నడుముకు బిగించి, మగపిల్లల్ని వరసగా లోపలేసేది. సెక్షన్ల నంబర్లన్నీ కొత్త చట్టాలతో మారిపోయినా ఆ పిల్ల నోట పాత నంబర్లే వచ్చేవి. వాళ్ళ వీధిలో అందరికీ అవే వచ్చంట.

నా రెండో నియమం మాత్రం ఎవరూ పాటించరు. ముద్దాయి గళ్ళలో ఒక్కడే నడవాలి. ఎవడైనా ఒకణ్ణి పిలిచి మొదటి గడిలో నిలబెట్టానంటే వెనకనుంచి ఒక మామ లేస్తాడు, ఒక పెద్దమ్మ లేస్తుంది, ఒకడు క్యారియరు పట్టుకుని వస్తాడు. వాళ్ళకు నేను వేషాలు ఇవ్వలేదు, వాళ్ళంతట వాళ్ళే తీసుకున్నారు. సబ్‌జైలు గడి దగ్గర జాతరలాగా ఉండేది. గీత దాటి అవతలికి పొమ్మని కసురుకునేదాన్ని. చట్టానికి కనిపించేది ఒక్క మనిషి, వాడి వెనకాల ఉన్న ఇల్లు కనిపించదు, అది మీ తలకెక్కాలి అని గొంతు పోయేలా చెప్పేదాన్ని. తల ఊపి, గీతకు ఒక్క అడుగు ఇవతల నిలబడేవాళ్ళు.

ఒకరోజు ముద్దాయి వేషం వేయాల్సినవాడు టీ తాగడానికి పోయి రాలేదు. సరే, దీన్నే పాఠం చేద్దామనుకున్నాను. కోర్టులో పేరు పిలిచారు, ముద్దాయి రాలేదు, ఇప్పుడేమవుతుంది అని అడిగాను. వారంటు అన్నారు కొందరు. లాయరు ఏదో చెప్పుకుంటాడన్నారు ఇంకొందరు. మూడో వరసలో కూర్చున్న అమ్మాయి ఒకతె, హొళగుంద పక్క పల్లెనుంచి వచ్చేది, ఇంట్లో కన్నడం, కాలేజీలో తెలుగు, ఎప్పుడూ తనంతట తాను నోరు తెరవనిది, ఆ రోజు లేచి నిలబడి చాలా నమ్మకంగా చెప్పింది.

"ఇంటి పెద్ద పోతాడు మేడం. పోయి పలుకుతాడు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. అది సరైన జవాబేనన్నట్టు కొందరు నా వైపు చూశారు. నేను నా మామూలు కంఠంతోనే చెప్పాను. ఒకరి పేరు పిలిస్తే ఇంకొకరు కోర్టులో పలకడం అనేది పొరపాటు కాదు, అదే ఒక నేరం, దానికి వేరే కేసు, వేరే శిక్ష, వాళ్ళకు వేరే గళ్ళు గీయాల్సి వస్తుంది అన్నాను. ఆ చివరి మాటకు పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది. గంట కొట్టాక అందరూ పోయారు, ఆమె పోలేదు. నేల తుడిచే గుడ్డ తీసుకుని గళ్ళు తుడవడం మొదలుపెట్టింది, తుడవమని నేను చెప్పకుండానే.

సంగతి ఇది. ఆమె చిన్నాయన, అంటే తండ్రికి తమ్ముడు, పొలానికి పోయే బండ్లబాట తగాదాలో పక్క చేనాయన తల మీద కట్టెతో కొట్టాడు. కుట్లు పడ్డాయి, కేసయింది. స్టేషన్‌లో ఆ రోజే జామీను మీద వదిలారు. తర్వాత ఆయన పని కోసం బెంగళూరు పోయాడు, మా పల్లెలన్నీ పోయినట్టే. కొన్నాళ్ళకు కోర్టునుంచి సమన్లు ఇంటికొచ్చాయి. తీసుకున్నది ఆమె తండ్రి. లాయరు దగ్గరికి పోయింది ఆయనే. ముద్దాయి పేరేమంటే తమ్ముడి పేరు చెప్పింది ఆయనే, వకాలతు కాగితం మీద వేలిముద్ర వేసింది ఆయనే. అప్పట్నుంచి ప్రతి వాయిదాకూ పోయి, పిలుపు వినిపించగానే "ఉండా సామీ" అని చేతులు కట్టుకుని నిలబడి, తర్వాతి తారీకు విని, చివరి బస్సుకు ఊరు చేరుతున్నాడు.

మోసం చేద్దామని కాదు. అది ఆయన తలలోకే రాలేదు. బ్యాంకు నోటీసు వస్తే ఆయనే పోయాడు, కరెంటు వాళ్ళు పిలిస్తే ఆయనే పోయాడు, ఊళ్ళో పంచాయితీ జరిగితే తప్పు ఎవరిదైనా మధ్యలో నిలబడి మాటలు పడేది ఆయనే. కోర్టు కూడా పిలిచింది, పోయాడు. నన్ను అన్నిటికన్నా తికమక పెట్టింది ఇంకొకటి. దెబ్బలు తిన్న ఫిర్యాది కూడా ఒక వాయిదాకు వచ్చాడంట. ముద్దాయి పేరుకు అన్న పలకడం చూశాడంట. దాంట్లో ఆయనకూ తప్పేమీ కనిపించలేదు. బయటికొచ్చి ఇద్దరూ కలిసి టీ తాగి, ఒకే ఆటోలో ఊరికి పోయారు.

వచ్చే వాయిదాకు నేరం చదివి వినిపిస్తారని లాయరు చెప్పాడంట. అంటే ఒప్పుకుంటావా లేదా అని అడుగుతారు, చెప్పింది రాసుకుని సంతకం పెట్టించుకుంటారు. అక్కడ ఆమె తండ్రి తమ్ముడి పేరు మీద జవాబు చెప్పి వేలు అద్దాడంటే ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. తమ్ముడికి రావలసిన శిక్ష ఎంతో గానీ, అన్న నెత్తిన అంతకన్నా పెద్దది పడొచ్చు. ఆ పిల్ల నన్ను అడిగింది ఒకటే, మా నాయనను జైల్లో ఏస్తారా మేడం అని. వేయొచ్చు అన్నాను. నాకు అబద్ధం చెప్పి ఓదార్చడం చేతకాదు. ఆమె ఏడవలేదు. తుడిచిన గుడ్డ మడత పెట్టి కిటికీలో పెట్టింది.

ఆ ఊరి పేరు, కోర్టు పేరు చెప్పను. చెప్పినా ఒకటే, ఇది ఎక్కడైనా జరగగలిగేదే.

ఆమె తండ్రి పత్తి వేసుకుని ఆదోని మార్కెట్‌యార్డుకు వచ్చిన రోజు నేనే పోయి కలిశాను. యార్డు గేటు బయట టీ బంకు దగ్గర కూర్చున్నాం. మనిషి పొడుగు, తల వెంట్రుకల్లో, మీసంలో, భుజమ్మీది తువ్వాలులో అంతా పత్తి నూగు. కూతురు పక్కన నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. నేను చేతనైనంత నిదానంగా చెప్పాను. కోర్టు దృష్టిలో మీ తమ్ముడు ఒక మనిషి, మీరు ఇంకో మనిషి. ఆయన జవాబు ఆయనే చెప్పాలి. మీరు చెప్తే మిమ్మల్ని పట్టుకుంటారు, ఆయన మీద వారంటు పుడుతుంది. ఆయన అంతా విన్నాడు. నేను కోర్టు మీద, చట్టం మీద కోపంగా ఉన్నాననుకున్నాడో ఏమో, నన్నే సముదాయించే గొంతుతో మాట్లాడాడు.

"వానికి శిక్ష పడితే వానికొక్కనికే పడతాదా అమ్మా? ఇంటికంతా పడతాది. మరి జవాబు ఒక్కడే ఎట్ల సెప్తాడు?"

నా దగ్గర దానికి క్లాసులో చెప్పే జవాబు ఉంది, అది చెప్పాను. శిక్ష పడేది మనిషికే, ఇంటికి జరిగేది కోర్టు లెక్కలోకి రాదు. చెప్తుంటే నాకే ఎండిపోయిన రొట్టెలా అనిపించింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి ఇంకొక్క మాట అడిగాడు.

"అట్లయితే ఆ కోర్టులో నాకు యాడా సోటు లేదా?"

"లేదు. బయట బెంచీ మీద కూర్చోవచ్చు."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె కన్నడంలో ఏదో చెప్పింది. నాకు అర్థమైనంత వరకు, మేడం చెప్పేది నిజమే నాయనా అని. ఆయన అక్కడికక్కడే ఫోను తీసి తమ్ముడికి చేశాడు. వాళ్ళు మాట్లాడుకున్నది ఎక్కువసేపు కాదు. అవతలనుంచి పెద్ద గొంతు వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు. తమ్ముడికి ఈ సంగతి తెలియదని అప్పుడు తెలిసింది. కేసు ఎప్పుడో పోయిందనుకున్నాడంట. అన్న ఏమీ చెప్పకపోతే ఏమీ లేదని ఆ ఇంట్లో అర్థం.

ముగ్గురం లాయరు దగ్గరికి పోయాం. మంచివాడే, చేతినిండా కేసులున్నవాడు. తను ముద్దాయి అనుకుంటూ వచ్చిన మనిషి ముద్దాయికి అన్న అని తెలిసేసరికి ఫ్యాను కింద కూర్చుని కూడా చెమట తుడుచుకున్నాడు. గుమాస్తా వైపు చూశాడు, గుమాస్తా గోడ వైపు చూశాడు. ఆ తర్వాత తేరుకుని ఉపాయం చెప్పాడు. అన్నదమ్ములకు పోలిక ఉంటుంది. ఈసారి తమ్ముడొచ్చి పలుకుతాడు, అంతే, ఎవరూ అడగరు. నేరం ఒప్పుకోనంటాడు. ఊళ్ళో రాజీ అయిపోయింది కాబట్టి ఫిర్యాది సాక్ష్యం చెప్పడు, కేసు దానంతట అదే పోతుంది. అన్న మాత్రం ఆ చుట్టుపక్కల కనిపించకూడదు.

ఉన్నదున్నట్టు మీరే కోర్టుకు చెప్పేయకూడదా అన్నాను.

"మీరు పాఠం చెప్తారు మేడం. నేను కేసు నడుపుతాను" అన్నాడు.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపంలో సగం ఆయన చెప్పింది నిజమైనందుకు. నేలమీద గళ్ళు గీసి పిల్లల్ని నడిపించడం వేరు, వేలిముద్ర వేసిన మనిషిని బయటపడేయడం వేరు. ఆమె తండ్రి అందరి మాటలూ వింటూ, తువ్వాలులోంచి పత్తి నూగు ఒక్కొక్కటే తీసి చేతిలో పెట్టుకున్నాడు, లాయరుగారి గదిలో పడకూడదని.

వాయిదా రోజు నేను సెలవు పెట్టాను. ఆ పిల్ల రమ్మని అడగలేదు. అడిగి ఉంటే పోయేదాన్నో కాదో. ఎమ్మిగనూరులో బస్సెక్కినప్పుడు కూడా పోయి చేసేదేముంది అనుకుంటూనే ఎక్కాను. కోర్టు హాల్లో చివరి బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. లాయరు రావొద్దన్నా తండ్రి వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచి, ద్వారబంధాన్ని ఆనుకుని నిలబడ్డాడు. తమ్ముడు ఆయనకన్నా పొట్టి, లావు, బెంగళూరులో కొన్న గళ్ళ చొక్కా. పోలిక ఉంటుందని లాయరు అన్నాడు కానీ నాకు మీసంలో తప్ప ఎక్కడా కనిపించలేదు. ఫిర్యాది కూడా వచ్చాడు, నుదుటి మీద కుట్ల మచ్చతో. అతను తమ్ముణ్ణి ఎప్పుడొచ్చినావప్పా అని పలకరించి, జరిగి చోటిచ్చాడు.

మేజిస్ట్రేటు చిన్న వయసామె, మా చివరి సంవత్సరం పిల్లలకు అక్కలాగా ఉంది. గబగబా పని నడిపిస్తోంది. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి పేరు పిలిచాడు.

"ఉండా సామీ."

పలికింది అన్న. నోరు తెరవబోతున్న తమ్ముడు సగం లేచి ఆగిపోయాడు. లాయరు కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట తన నోట వచ్చిందని అన్నకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. అన్నాళ్ళుగా ఆ పేరుకు పలికి పలికి అలవాటైపోయింది. ఒక్క క్షణం వెనక్కి పోబోయి, పోలేదు. లోపలికి నడిచొచ్చాడు, దారిలో తమ్ముడి చేయి పట్టుకుని లేపాడు, ఇద్దరూ వచ్చి బోను ముందు నిలబడ్డారు. మేజిస్ట్రేటు కాగితాల్లోంచి తలెత్తింది. ముద్దాయి ఒకడే కదా, ఇద్దరిలో ఎవరు అని అడిగింది.

నాకు భయం వేసింది. పక్కనున్న పిల్ల నా చేయి పట్టుకుంటుందనుకున్నాను కానీ పట్టుకోలేదు. బెంచీ అంచు పట్టుకుని ఉంది.

"వీడు సామీ," అన్నాడు అన్న. "ఇన్నాళ్ళూ వచ్చింది నేను. వీడు నా తమ్ముడు, ఇంటికి నేను పెద్ద. తెలియక పలికినా."

వెనకనుంచి ఫిర్యాది లేచి, సాయం చేద్దామని కాబోలు, నిజమే సామీ, ఆయప్పే వచ్చేది, నేను కండ్లారా చూసినా అన్నాడు. కూర్చో అని బంట్రోతు గదమాయించాడు. మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టింది. నువ్వు చేసింది దానంతట అదే ఇంకో కేసు, తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు. ఎప్పుడు తెలిసిందని అడిగింది. మొన్ననే తెలిసింది, మా పాపకు కాలేజీలో సెప్పినారంట అన్నాడు. నేను బెంచీలో వీలైనంత కిందికి దిగిపోయాను.

ఆమె లాయర్ని నిలబెట్టి ఇంగ్లీషులో నాలుగు చీవాట్లు పెట్టింది. తర్వాత తెలుగులో అన్నకు చెప్పింది. నీలో మోసం కనిపించలేదు కాబట్టి ఈసారికి వదులుతున్నాను, ఇంకొకసారి ఈ హాల్లో నీది కాని పేరుకు పలికావంటే ఇంటికి పోవు అంది. అసలు ముద్దాయి ఈ రోజే మొదటిసారి హాజరయ్యాడని రాయించి, కొత్త వకాలతు పెట్టమంది. అన్నను అవతలికి పొమ్మంది. ఆయన వచ్చి మా బెంచీ మీద, కూతురికి అటువైపు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నాకు గుండె నిమ్మళించింది. ఆయనకు నిమ్మళించినట్టు లేదు, కళ్ళు బోనులోనే ఉన్నాయి.

తమ్ముడు ఇప్పుడు బోనులో ఒక్కడే ఉన్నాడు. మేజిస్ట్రేటు నేరం చదివి, తేలిక తెలుగులో మళ్ళీ చెప్పి, ఒప్పుకుంటావా అని అడిగింది. అతను వెనక్కి తిరిగి అన్న వైపు చూశాడు. ఇటు చూడు, నిన్ను అడుగుతున్నా అంది ఆమె. నా క్లాసులో ఆ మాట ఎన్నోసార్లు నేనే అన్నాను. అతను ఇటు తిరిగాడు.

"కొట్టినా సామీ. నేనే కొట్టినా."

లాయరు లేచాడు. మేజిస్ట్రేటు చేత్తో ఆపింది. ఒప్పుకుంటే శిక్ష పడొచ్చు, ఒప్పుకోకపోతే సాక్షుల్ని పిలిచి విచారిస్తారు, ఎవరైనా బెదిరించి చెప్పిస్తున్నారా అని విడమర్చి అడిగింది. లేదన్నాడు. మధ్యాహ్నం దాకా ఆలోచించుకుని వచ్చి చెప్పమంది.

భోజనాల వేళ కోర్టు ఆవరణలో లాయరు తమ్ముడి చుట్టూ తిరిగి బతిమాలాడు. ఫిర్యాది కూడా, నేను సాక్ష్యం సెప్పనప్పా, కాదను, పోతాది అని చెప్పాడు. అన్న దూరంగా కూర్చుని క్యారియరు విప్పాడు. జొన్నరొట్టెలు, పప్పు. నాకూ పెట్టాడు. తమ్ముడికి ఏమీ చెప్పలేదు. నేనే ఉండబట్టలేక పోయి అతన్ని అడిగాను, ఎందుకిలా, కాదంటే పోయేదానికి అని. పాఠం చెప్పే మనిషిని, నేను అడగకూడనిది అది. అతను రొట్టె తుంచుతూ తలెత్తకుండా చెప్పాడు.

"ఆయప్ప నా పేరు మోసుకుని ఇన్ని దినాలు ఈడ నిలబడినాడు. ఇప్పుడు నేను నిలబడి కొట్టలేదని సెప్పాల్నా?"

మధ్యాహ్నం మళ్ళీ అదే చెప్పాడు. ఈసారి వెనక్కి చూడలేదు. లాయరు తన వంతు పని బాగానే చేశాడు. మొదటి నేరం, కష్టపడి బతికేవాడు, ఊళ్ళో ఒకటైపోయారు అని చెప్పుకొచ్చాడు. మేజిస్ట్రేటు ఫిర్యాదిని పిలిచి రెండు మాటలు అడిగింది. జైలు వేయకుండా, ఇంకో ఏడాది పాటు ఏ తగాదాకూ పోకుండా ఉంటానని బాండు రాయించుకుని వదులుతానంది. నేరం రుజువైనట్టే, అది అతని పేరు మీద ఉంటుంది, కానీ మనిషి ఇంటికి పోవచ్చు. ఆ బాండుకు ఒక జామీనుదారు కావాలి, మనిషి నడతకు నాది పూచీ అని సంతకం పెట్టేవాడు కావాలి అంది. ఎవరున్నారు అని అడిగింది.

నేను పక్కకు చూసేలోపే ఆయన లేచి నిలబడ్డాడు. ఈసారి నోరు తెరవలేదు, చేయి ఎత్తాడు, బళ్ళో పిల్లవాడి మాదిరి. మేజిస్ట్రేటు ఆయన్ని గుర్తుపట్టి, నవ్వలేదు కానీ, రమ్మని తల ఊపింది.

నేను గీసే గళ్ళలో జామీనుదారు ఉన్నాడు. బెయిలు గడి పక్కన చిన్న అక్షరాలతో రాస్తాను, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. టీ బంకు దగ్గర ఆయన అడిగినప్పుడు నాకు అది గుర్తుకు రాలేదు.

కోర్టు గుమాస్తా బల్ల దగ్గర ఆయన వంగి నిలబడ్డాడు. సంచిలోంచి పాసుపుస్తకం, ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు, ప్రతి వాయిదాకూ అవి తెచ్చుకునేవాడంట, ఎవరూ అడగకపోయినా. ముద్దాయికి ఏమవుతావు అన్నాడు గుమాస్తా. నేను అన్నను అన్నాడు ఆయన. పేరు చెప్పు అన్నాడు గుమాస్తా. ఆయన తమ్ముడి పేరు చెప్పాడు. గుమాస్తా కలం ఆపి తలెత్తాడు. బోను పక్కన నిలబడ్డ తమ్ముడు తల దించుకున్నాడు. నా పక్కన ఆ పిల్ల, అంతసేపూ ఏడవనిది, అప్పుడు ఏడ్చింది.

"నీ పేరు" అన్నాడు గుమాస్తా.

ఆయన తన పేరు చెప్పాడు. అక్కడ ఆయన పేరు చెప్పడం అదే మొదలు. వేలు అద్దించుకున్నారు. వేలికంటిన సిరా తువ్వాలుకు తుడుచుకుంటూ వెనక్కి వచ్చి, మా బెంచీ దగ్గర ఆగి, నా మీద ఏ కోపమూ లేకుండా, నాకు తెలియని విషయం ఒకటి తెలియజేస్తున్నట్టు చెప్పాడు.

"ఈడ ఉండాది గదమ్మా, నాకు సోటు."

ఉంది అన్నాను.